కట్టొద్దన్న తీరంలో ఏం మిగిలింది?

1713లో బ్రిటన్, ఫ్రాన్స్‌ల మధ్య కుదిరిన ఉట్రెక్ట్ సంధిలో 13వ అధికరణం నిండా చేపల గొడవే. న్యూఫౌండ్‌లాండ్ దీవి ఇక బ్రిటన్‌దేనని ఫ్రాన్స్ ఒప్పుకుంది. కానీ దీవి ఉత్తర భాగంలో చేపలు పట్టుకునే హక్కునూ, వాటిని ఒడ్డున ఆరబెట్టుకునే హక్కునూ వదులుకోలేదు. ఆ హక్కుకు బ్రిటన్ షరతులు పెట్టింది. కోటలు కట్టకూడదు. పలకలతో వేసుకునే మంచెలు, చేపలు ఆరబెట్టే పనికి మామూలుగా కావాల్సిన గుడిసెలు తప్ప ఇంకే కట్టడమూ లేపకూడదు. పట్టడం, ఎండబెట్టడం అయిపోయాక అక్కడ ఆగకూడదు.

రండి, పని చేసుకోండి, పొండి. ఇదీ ఒప్పందం. ఇలాంటి షరతు కింద బతికినవాళ్లు మట్టిలో ఏం వదిలి వెళ్తారు? పలకలు కుళ్లిపోతాయి, గుడిసెలు మంచు బరువుకు కూలిపోతాయి. లెక్క ప్రకారం ఏమీ మిగలకూడదు. కానీ మిగిలింది. ఏడాదికి మూడు నాలుగు నెలలే ఉండేవారు కాబట్టి వాళ్ల ముద్ర పలచగా ఉంటుందన్న అంచనాను అక్కడి తవ్వకాలు తారుమారు చేశాయి. ఇళ్లు కట్టుకుని స్థిరపడితేనే జాడ మిగులుతుందని ఏమీ లేదు. ఒకే పనిని ఒకే చోట నాలుగు వందల ఏళ్లు చేసినా మిగులుతుంది.

ఆ చోటు కెనడా తూర్పు కొసన ఉంది. న్యూఫౌండ్‌లాండ్ దీవి నుంచి వేలు చాపినట్టు ఉత్తరానికి ఒక ద్వీపకల్పం పొడుచుకుని ఉంటుంది. దాని అట్లాంటిక్ వైపు తీరాన్ని ఫ్రెంచి జాలర్లు ‘పెతీ నోర్’ అనేవారు, అంటే చిన్న ఉత్తరం. ఫ్రాన్స్ పడమటి ప్రాంతాలైన బ్రిటనీలోని సెయింట్ మాలో, నార్మండీలోని గ్రాన్‌విల్ లాంటి రేవుల నుంచి 16వ శతాబ్దం మొదట్లోనే ఓడలు ఇటు రావడం మొదలైంది. కెనడాను ‘కనుగొన్నాడ’ని పేరు పడిన జాక్ కార్టియే 1534లో ఇదే తీరంలోని కర్పూన్ రేవులో మంచు గడ్డల వల్ల కొన్ని రోజులు చిక్కుకుపోయాడు. ఆ తర్వాత లాబ్రడార్ తీరం వెంట పోతుంటే, లా రోషెల్ నుంచి చేపల కోసం వచ్చిన ఓడ ఒకటి ఆయనకు ఎదురైంది. అన్వేషకుడి కంటే జాలరే ముందు చేరుకున్నాడన్నమాట. 1578లో ఆంథొనీ పార్కర్స్ట్ అనే ఆంగ్లేయుడు న్యూఫౌండ్‌లాండ్ నీళ్లలో ఫ్రెంచి, బ్రెటన్ (బ్రిటనీవాళ్ల) ఓడలే 150 దాకా ఉంటాయని రాశాడు. ఆంగ్లేయుల ఓడలు ఆ రోజుల్లో వాటిలో మూడో వంతు మాత్రమే.

వీళ్లంతా వచ్చింది కాడ్ చేప కోసం. కాడ్ లివర్ ఆయిల్ మాత్రలు మింగిన వాళ్లందరికీ ఆ పేరు తెలుసు, చేపను మాత్రం మన వైపు ఎవరూ చూసి ఉండరు. దాన్ని నిలవ చేయడానికి ఫ్రెంచివాళ్లకు రెండు దారులుండేవి. నడిసముద్రంలోని గ్రాండ్ బ్యాంక్స్ అనే మేటల మీద పట్టి, ఓడలోనే గట్టిగా ఉప్పు పట్టించి, తడి తడిగానే ఇంటికి తీసుకెళ్లడం ఒకటి. దీనికి ఒడ్డుతో పనే లేదు, అందుకే ఒడ్డున జాడా లేదు. రెండోది ఎండు కాడ్. తక్కువ ఉప్పు, ఎక్కువ ఎండ, గాలి. ఇది చెక్కలా గట్టిపడుతుంది, వేడి దేశాల్లో కూడా నెలల తరబడి చెడిపోదు. మార్సెయ్, స్పెయిన్, ఇటలీ బజార్లు అడిగింది దీన్నే. ఉపవాస రోజుల్లో మాంసం ముట్టని క్యాథలిక్ జనానికి అది పెద్ద ఆసరా. ఎండబెట్టాలంటే నేల కావాలి, సంధిలో ఫ్రాన్స్ పట్టుబట్టింది కూడా ఆ నేల కోసమే.

తెలుగువాళ్లకు ఈ సంధులతో దూరపు చుట్టరికం ఒకటుంది. 1763 నాటి పారిస్ సంధి ఇదే చేపల హక్కును మళ్లీ ఖాయం చేసింది, పక్కనున్న సెయింట్ పియేర్, మిక్లాన్ అనే చిన్న దీవులను ఫ్రాన్స్‌కు ఇచ్చింది. అదే కాగితం భారతదేశంలో ఫ్రెంచివాళ్ల వర్తక స్థావరాలను వాళ్లకు తిరిగి అప్పగించింది. యానాం 1954 దాకా ఫ్రెంచి జెండా కింద ఉండటానికి మూలం అక్కడుంది. సలాబత్ జంగ్‌ను దక్కన్ సుబేదారుగా గుర్తిస్తున్నట్టు కూడా ఆ సంధిలో రాసుకున్నారు. పారిస్‌లో సంతకాలు జరిగేసరికి ఆయన్ను తమ్ముడు నిజాం అలీ గద్దె దించి ఖైదులో పెట్టి ఉన్నాడు. దూరం నుంచి రాసే సంధులకు క్షేత్రంలో జరిగేదానితో పొంతన ఉండదనడానికి దక్కన్ ఒక ఉదాహరణ అయితే, పెతీ నోర్ ఇంకో ఉదాహరణ.

క్షేత్రంలో ఏం జరిగేదో చూద్దాం. వసంతంలో ఓడలు అటు నుంచి ఉప్పు, రొట్టెలు, సారాయి, పడవల సామాను నింపుకుని బయల్దేరేవి. మంచు గడ్డల మధ్య దారి చేసుకుంటూ తీరం చేరడం పోటీగా ఉండేది. ఎందుకంటే ముందు వచ్చిన కెప్టెన్‌కే రేవులో మంచి చోటు ఎంచుకునే హక్కు, ‘అడ్మిరల్’ అనే హోదా. ఫ్రాన్స్ 1681లో తెచ్చిన నౌకా శాసనంలో ఈ పద్ధతిని చట్టంగానే రాసింది. పోటీలో ప్రాణాల మీదికి తెచ్చుకుంటున్నారని 19వ శతాబ్దంలో దాన్ని మార్చి, ఐదేళ్లకోసారి ఫ్రాన్స్‌లోనే చీటీలు వేసి చోట్లు పంచడం మొదలుపెట్టారు. ఈ చోట్లను ఇంగ్లిష్‌లో ‘ఫిషింగ్ రూమ్’ అనేవారు. రూమ్ అంటే నాలుగు గోడల గది కాదు. మంచె, గుడిసెలు, ఆరబెట్టే ఒడ్డు అన్నీ కలిసిన తీరపు ముక్క. మనుషులు మారేవారు, ఓడలు మారేవి, రూమ్ మాత్రం అక్కడే ఉండేది. తవ్వేవాళ్లకు ఇది వరం. ఒక తరం వదిలిన పొర మీద ఇంకో తరం పొర పడుతూ పోయింది.

రేవు చేరాక ఓడను లంగరేసి తెరచాపలు దించేసేవారు. ఇక సెప్టెంబర్ దాకా దానికి పని లేదు. షలూప్ అనే చిన్న పడవలు, పడవకు ముగ్గురు మనుషులు, చేతి గాలాలు. జూన్, జులైల్లో కేపెలిన్ అనే చిన్న చేపలు గుడ్లు పెట్టడానికి గుంపులుగా ఒడ్డుకొస్తాయి, వాటిని తినడానికి కాడ్ వెంటబడి వస్తుంది. ఆ కొన్ని వారాలే అసలు సీజను. పట్టిన చేప ఒడ్డున సగం, నీళ్ల మీద సగం నిలబెట్టిన మంచె మీదకి వచ్చేది. దాని పేరు షఫో. దాని మీద ఒకడు గొంతు, పొట్ట కోస్తాడు. రెండోవాడు కార్జం తీసి పక్కన తొట్టిలో వేసి, తల విరిచి, పేగులు కింద నీళ్లలోకి తోసేస్తాడు. మూడోవాడు పనితనం ఉన్నవాడు, నడుము ఎముక ముందు భాగాన్ని చీల్చి తీసి, చేపను పుస్తకం తెరిచినట్టు పరుస్తాడు. నాలుగోవాడు ఉప్పు చల్లుతాడు. తొట్టిలోని కార్జం ఎండకు కరిగి నూనె దిగేది, అదీ సరుకే.

కొన్ని రోజులు ఉప్పులో ఊరాక కడిగి ఒడ్డున రాళ్ల మీద పరిచేవారు. పొద్దున పరచడం, తిప్పడం, మబ్బు పడితే పరుగెత్తి చర్మం పైకి వచ్చేలా కుప్ప పెట్టడం. మన తీరాల్లో నెత్తళ్లు, సావళ్లు ఆరబెట్టే ఆడవాళ్లకు ఈ వాన టెన్షన్ కొత్తగా చెప్పక్కర్లేదు. పెతీ నోర్‌లో ఆడవాళ్లు లేరు. ఈ పని చాలావరకు కుర్రాళ్లది. బ్రిటనీ పల్లెల నుంచి, సముద్రం మొహం చూడని రైతుబిడ్డలు కూడా వచ్చేవారు. గులకరాళ్ల ఒడ్డును ‘గ్రావ్’ అంటారు కాబట్టి వాళ్లను ‘గ్రావియే’ అనేవారు. ఓడ మీద, ఒడ్డు మీద అందరికంటే తక్కువ కూలి వాళ్లదే.

ఇప్పుడు తవ్వకాల దగ్గరికి వద్దాం. కాంచ్ అనే ఊరికి దగ్గర్లో కాప్ రూజ్ అనే రేవు ఉంది. ఫ్రెంచిలో ఎర్ర కొమ్ము అని అర్థం, ఇంగ్లిష్, ఐరిష్ నోళ్లలో నలిగి ఆ పేరే చివరికి ‘క్రౌస్’ అయింది. ఆ రేవులో ఒక చోటు పేరు దో ద షవాల్, గుర్రం వీపు. మెమోరియల్ యూనివర్సిటీకి చెందిన పీటర్ పోప్ 2004లో మొదలుపెట్టిన పెతీ నోర్ పురావస్తు పరిశోధనలో ప్రధానంగా తవ్విన స్థలం ఇదే. అంతకుముందు ఈ తీరం గురించి తెలిసినదంతా కాగితాల్లోదే: నౌకాదళం పటాలు, రేవు లెక్కలు, వ్యాజ్యాల పత్రాలు. కాగితాల్లో ఓనర్లు, కెప్టెన్లు కనిపిస్తారు. మంచె మీద కత్తి పట్టినవాడు, రాళ్ల మీద చేపలు తిప్పినవాడు అరుదుగా కనిపిస్తారు.

పోప్ బృందానికి మొదట దారి చూపింది గడ్డి. చుట్టూ స్ప్రూస్, ఫిర్ చెట్ల అడవి దట్టంగా ఉంటే మధ్యలో ఉన్నట్టుండి పచ్చిక బయలు వస్తుంది. అది ప్రకృతి చేసిన పని కాదు. ఒక షఫో లేపాలంటే వందల కొద్దీ సన్నటి దుంగలు కావాలి, చలికాలం మంచు వాటిని పడగొడితే మళ్లీ వేసవిలో కొత్తవి కొట్టాలి. వంట కట్టెలు వేరే. ఏటా ఇలా కొట్టుకుంటూ పోతే రూమ్ చుట్టూ అడవి వెనక్కి జరుగుతుంది, మనిషి వెళ్లిపోయి వందేళ్లు దాటినా పూర్తిగా తిరిగి రాదు. కట్టడాలు కట్టొద్దని సంధి చెప్పింది, చెట్లు కొట్టొద్దని చెప్పలేదు. జాలర్లు వదిలిన అతిపెద్ద ఆనవాలు బహుశా ఈ ఖాళీయే. దాన్ని మ్యూజియం అద్దాల పెట్టెలో పెట్టలేరు కాబట్టి దాని గురించి చెప్పుకునేవాళ్లు తక్కువ.

రెండోది రాళ్లు. గడ్డి పొర తీస్తే కింద గులకరాళ్ల పరుపు బయటపడుతుంది. ఫ్రెంచిలో వీటిని గాలె అంటారు. అలలు తెచ్చిపోసిన బీచ్ సరిపోని చోట మనుషులే రాళ్లు మోసుకొచ్చి, మెత్తటి నేల మీద పరిచి ఆరబెట్టే స్థలం పెంచుకున్నారు. చేప కింద గాలి ఆడాలి, నీళ్లు నిలవకూడదు, మట్టి అంటకూడదు. దానికి రాయి కంటే మంచిది లేదు. ఈ రాళ్ల పరుపు కట్టడమా, కాదా? సంధి రాసిన దొరలకు ఈ ప్రశ్న తట్టి ఉండదు. గోడ లేదు, కప్పు లేదు, చట్టానికి అభ్యంతరం లేదు. అయినా ఆ తీరంలో అంతకంటే గట్టిగా నిలిచింది ఇంకోటి లేదు. నడుం వంచి రాయి తర్వాత రాయి పరిచినవాళ్ల పేర్లు ఏ లెక్కల పుస్తకంలోనూ దొరకవు, పరుపు మాత్రం దొరికింది.

మూడోది రొట్టెల పొయ్యి. సంధిని తు.చ. తప్పకుండా చదివితే ఇది గీత దాటినట్టే. రాళ్లతో దిమ్మ కట్టి, మీద బంకమట్టితో గుమ్మటం లేపి, లోపల కట్టెలు కాల్చి, నిప్పులు లాగేసి ఆ వేడికి రొట్టె కాల్చే పొయ్యి అది. బ్రిటనీ పల్లెల్లో అలాంటివి మామూలే. పెతీ నోర్‌లోని రూముల్లో ఇలాంటివి చాలా చోట్ల ఉన్నాయి, దో ద షవాల్‌లోనూ ఒకటి బయటపడింది. తవ్వేవాడికి దాన్ని గుర్తుపట్టడం కష్టం కాదు: కాలి ఎర్రబడిన మట్టి, నల్లబడిన రాళ్లు, బూడిద. ఓడలో తెచ్చిన ఎండు బిస్కెట్‌తోనే సీజనంతా గడిపేయవచ్చు, కడుపు నిండుతుంది. ఆరు వారాలు ప్రయాణం చేసి, సూర్యోదయం నుంచి చీకటి పడేదాకా ఒళ్లు హూనం చేసుకునే మనుషులకు ఆ బిస్కెట్ చాలలేదు. సొంత ఊళ్లో తిన్న మెత్తటి రొట్టె కావాలనిపించింది. దాని కోసం రాయి, మట్టి మోశారు. మన మనిషి ఎక్కడికి పోయినా అన్నం వెతుక్కున్నట్టే ఇదీ.

పెంకులు కూడా అదే చెబుతాయి. దో ద షవాల్‌లో దొరికిన మట్టిపాత్రల ముక్కల్లో నార్మండీ నుంచి వచ్చిన గోధుమరంగు రాతిపింగాణీ జాడీలవి చాలా ఎక్కువ. నీరు పీల్చని, ఉప్పుకు చెక్కుచెదరని గట్టి పాత్రలవి, వెన్న, కొవ్వు నిలవ చేసుకోవడానికి వాడేవారు. వాటితో పాటు బ్రిటనీ ముతక మట్టిపాత్రలు, పచ్చ మెరుపు పూతతో సాంతోంజ్ ప్రాంతం కుండలు. ఖరీదైన పింగాణీ కోసం వెతికితే నిరాశే. రేవు నుంచి ఓడ బయల్దేరే ముందు ఆ చుట్టుపక్కల సంతలో ఏది చవగ్గా దొరికితే అది ఎక్కించారు. అందుకే పెంకు ముక్కను బట్టి ఓడ ఏ రేవుదో ఊహించవచ్చు, దాని కాలాన్ని బట్టి పొర వయసు చెప్పవచ్చు. ఈ లెక్కతోనే ఇక్కడి పనులు 16వ శతాబ్దం దాకా వెనక్కి వెళ్తాయని తేలింది.

దొరకాల్సింది దొరకనిది చేప. కోట్ల కాడ్ ఎముకలు ఉండాల్సిన చోట అవి చాలా తక్కువ. కొంత దోషం ఆ నేలది, అక్కడి ఆమ్లపు మట్టి ఎముకను తినేస్తుంది. కొంత షఫోది, వ్యర్థమంతా దాని కిందున్న నీళ్లలోకే పోయింది. అయినా ఎముకల విషయంలో ఒక చిక్కుముడి చక్కగా విడిపోయింది. చేపను కోసిన చోట తల ఎముకలు, వెన్ను ముందు భాగపు పూసలు ఉంటాయి. మొప్పల వెనకుండే వంపు ఎముక, తోక పూసలు మాత్రం ఎండు చేపతో పాటే ఓడెక్కి ప్రయాణిస్తాయి. అందుకే యూరప్‌లో పాత ఇళ్ల చెత్తకుప్పల్లో తలలు లేకుండా తోక పూసలే కనిపిస్తే అది ఎండు కాడ్ తిన్న ఇల్లని పురావస్తువాళ్లు తేల్చేస్తారు. ఒకే చేప సగం అస్థిపంజరం అట్లాంటిక్‌కి ఇటు, సగం అటు.

మేకులదీ పెద్ద కథ. సెప్టెంబర్‌లో ఓడలు వెళ్లిపోయాక తీరమంతా ఖాళీ. మంచెలు, గుడిసెలు, ఒడ్డుకు లాగిపెట్టిన పడవలు, వాటి నిండా ఇనుప మేకులు. ఇనుము కరిగించే పని తెలియని బియోథక్ ప్రజలు, అంటే ఆ దీవి ఆదివాసులు, ఇలా ఖాళీగా ఉన్న రూముల నుంచి మేకులు ఏరుకెళ్లి, సాగగొట్టి బాణం మొనలు చేసుకున్నారు. దక్షిణాన నోట్రె డేమ్ అఖాతంలోని బాయ్డ్స్ కోవ్ తవ్వకాల్లో అలా మార్చిన మేకులు బాగానే దొరికాయి. లాబ్రడార్ నుంచి దిగివచ్చే ఇన్యూట్‌లకు కూడా ఈ తీరం ఇనుప గనే. ఫ్రెంచివాళ్ల దృష్టిలో అది దొంగతనం, దాని మీద కొట్లాటలు, కాల్పులు, చావులు జరిగాయి. అవతలివాళ్ల వైపు నుంచి చూస్తే, తమ నేల మీద ఎవరో వదిలేసి పోయిన సరుకు అది. ఇద్దరి కాగితాలూ ఉంటే తీర్పు తేలికయ్యేది. ఒక వైపువే ఉన్నాయి. రెండో వైపు వాదన సాగగొట్టిన మేకుల్లోనే ఉంది.

ఇదే ద్వీపకల్పం ఉత్తర కొసన లాన్స్ ఓ మెడోస్ ఉంది. సుమారు వెయ్యేళ్ల కిందట వైకింగులు కొద్దికాలం ఉండిపోయిన చోటు. 1960లో బయటపడింది, 1978లో యునెస్కో జాబితాకెక్కింది, ఇప్పుడు టూరిస్టు బస్సులు వరసకడతాయి. కొద్దికాలం ఉన్నవాళ్లకు అంత పేరు, నాలుగు వందల వేసవులు చెమటోడ్చినవాళ్లకు ఏమీ లేదు. తమాషా ఏమిటంటే ఆ వైకింగ్ స్థలానికి ఉన్న పేరు కూడా ఫ్రెంచి జాలర్లు పెట్టిందే, ‘లాన్స్’ అంటే ఫ్రెంచిలో చిన్న అఖాతం. పక్కనే ఉన్న కర్పూన్ కూడా బ్రిటనీలోని బ్రెహా దీవి దగ్గరి చోటు పేరును మోసుకొచ్చిందే. పేర్లు కట్టడాలు కావు కాబట్టి ఏ సంధీ వాటిని ఆపలేదు.

చలికాలం రూముకు కాపలా లేకపోతే వచ్చే ఏడాది మేకు కూడా మిగలదని అర్థమయ్యాక ఫ్రెంచివాళ్లు ఒక ఉపాయం పన్నారు. తాము ఉండకూడదు, కానీ వేరేవాళ్లు ఉండకూడదని ఉట్రెక్ట్ సంధిలో లేదు. ఐరిష్, ఇంగ్లిష్ కుటుంబాలను కాపలాకు పెట్టుకున్నారు. ‘గార్దియెన్’లు అనేవారు వాళ్లను. ఆ కుటుంబాలు అక్కడే పిల్లల్ని కన్నాయి, పక్కన సొంతంగా చేపలు పట్టుకున్నాయి, మెల్లగా ఊళ్లు అయ్యాయి. 1904లో ఫ్రాన్స్ బ్రిటన్‌తో రాజీపడి, పశ్చిమ ఆఫ్రికాలో కొంత భూమి తీసుకుని ఈ తీరం మీద హక్కు వదిలేసుకుంది. అప్పటికే పట్టు తగ్గిపోయి వచ్చే ఓడలు నామమాత్రం. కాపలాదారుల మనవలకు రూములు మిగిలాయి.

కాంచ్‌లో ఉండేది చాలావరకు అలాంటి కుటుంబాలవాళ్లే. ఈ తీరం చరిత్రనంతా ఒక పొడవాటి గుడ్డ మీద కుట్టాలని ఆ ఊరి ఆడవాళ్లు పూనుకున్నారు, దాదాపు 66 మీటర్ల పనితనం అది, ఊళ్లోని ఫ్రెంచ్ షోర్ (ఫ్రెంచి తీరం) కేంద్రంలో గోడల వెంట పరిచి ఉంది. చేపలు తిప్పే కుర్రాళ్లూ అందులో ఉన్నారు, షఫోలూ ఉన్నాయి. నమూనాగా తీసుకున్నది నార్మండీలోని బయూ పట్టణంలో ఉన్న ప్రసిద్ధమైన 11వ శతాబ్దపు కుట్టుపనిని. దో ద షవాల్ మట్టిలో దొరికే గోధుమరంగు జాడీల్లో కొన్నింటిని కాల్చిన బట్టీలు ఆ బయూ చుట్టుపక్కల పల్లెల్లోనే ఉండేవి.